మాలలో వచ్చిన వణుకు

నాయిన అయ్యప్ప మాల వేసుకున్న రోజు అమ్మ మొహం చూడాలి. కొత్తపేట పండ్ల మార్కెట్లో హమాలీ ఆయన. పొద్దున్నే క్వార్టర్ పడనిదే పెట్టె ఎత్తని మనిషి. అలాంటివాడు నల్లబట్టల్లో మా ఎల్బీనగర్ ఇంటి ముందు నిలబడి ఆమెను "మాతా" అని పిలిచాడు. పెళ్లయినప్పటి నుంచి అంత మర్యాదగా పిలిచింది లేదు. మందు మాన్పించడానికి మా వాడకట్టులో డాక్టర్ దగ్గరికి ఎవరు పోతారు? మాల వేయిస్తారు. దీక్షలో ఉన్నన్నాళ్లు ముట్టడు, ఆ తర్వాత దేవుడి దయ.

మర్నాటికే చేతులు వణికాయి. అన్నం ముద్ద నోటిదాకా పోయేసరికి సగం ఒళ్లో పడేది. చలికాలం, చీకటితో చన్నీళ్ల స్నానం, వణకడా మరి అనుకున్నాం. అంత చలిలో బట్టలు తడిసేలా చెమటలెందుకు పడుతున్నాయో ఎవరికీ తట్టలేదు. తిన్నది కక్కేవాడు. కంటిమీద కునుకు లేదు.

ఆ తర్వాతి సాయంత్రం భజనలో చూపు గోడకు అతుక్కుపోయింది. ఒంటిమీద చీమలు పాకుతున్నట్టు దులుపుకుంటూ, "ఒస్తున్నరు, అందరొస్తున్నరు" అని కేకలు మొదలుపెట్టాడు. మాల వేసిన గురుస్వామి చేతులు జోడించాడు.

"స్వామి పూనిండు."

కర్పూరం వెలిగించారు. చూడవచ్చినవాళ్లంతా నాయిన కాళ్లమీద పడ్డారు. ఒకాయన అడిగాడు, "స్వామీ, తెలంగాణ ఎప్పుడొస్తది?"

"ఒస్తున్నరు," అన్నాడు నాయిన గోడకేసే చూస్తూ. బయట జై తెలంగాణ అని అరిచారు. నాకు ఒళ్లు మండిపోయింది.

తెల్లారి ఫిట్స్ వచ్చి పడిపోయాడు, నోట నురగ. ఆ రోజు బంద్, ఒక్క ఆటో లేదు. పండ్లమ్మే తోపుడు బండి మీద పడుకోబెట్టి దిల్‌సుఖ్‌నగర్ దవాఖాన దాకా తోశాం. రోడ్డుమీద టైర్లు కాలుస్తున్నవాళ్లు మాల చూసి, "స్వామికి తొవ్వ ఇడువుండ్రి" అని పక్కకు జరిగారు.

డాక్టర్ కోస్తా వైపు ఆయన. విటమిన్ ఇంజెక్షన్ చేసి, సెలైన్ పెట్టి, కొట్టుకుంటున్న చేతుల్ని గుడ్డతో మంచానికి కట్టించాడు. ఎక్కడున్నాడో, పక్కన ఎవరున్నారో నాయినకు చెబుతూ ఉండమన్నాడు.

"తాగడం ఎప్పుడు మానేశారండీ?"

"మాలేసిన కాడికెంచి సారూ. సుక్క ముట్టలే," అంది అమ్మ, గర్వంగానే.

డాక్టర్ అమ్మవైపు తిరిగాడు. "ఇన్నేళ్ల అలవాటు ఒక్కసారిగా ఆపితే ఒళ్లు తట్టుకోదమ్మా. ముందే తీసుకొస్తే ఇక్కడ పెట్టుకుని, మాత్రలిచ్చి మెల్లగా మాన్పించేవాళ్లం."

"నువ్వు దవాఖానల ఉన్నవ్. నేనిక్కడనే ఉన్న," అని అమ్మ చెబుతూనే ఉంది. మధ్యాహ్నానికి జ్వరం పెరిగింది. మళ్లీ ఫిట్స్ వచ్చాయి. ఇక కళ్లు తెరవలేదు.

చూడ్డానికి వచ్చినవాళ్లు, మాలలో పోయాడు, పుణ్యాత్ముడు అన్నారు. వాళ్లను గెంటేయాలనిపించింది నాకు. అమ్మ మాత్రం కూర్చున్నచోటు నుంచి కదలకుండా, ఎవరివైపూ చూడకుండా అంది:

"తాగి సావొద్దని మొక్కిన. తాగకుంటనే సచ్చిండు."