బొగ్గు చట్రం

ఆళ్లగడ్డ జూనియర్ కాలేజీలో కెమిస్ట్రీ చెప్పే హిమజకు అత్తవారింట్లో ఒక పేరుంది: ఎముకలు పెంచే కోడలు. పెళ్లికి ముందు, ఎమ్మెస్సీ ప్రాజెక్టులో, ఆమె గ్రాఫీన్ కలిపిన మెత్తని చట్రం మీద ఎముక కణాలను పెంచింది. గ్రాఫీన్ అంటే కంటికి ఆనని బొగ్గు రేకులే. వాటిని పట్టుకుని కణాలు పందిరెక్కే తీగల్లా పాకాయి. పెళ్లయ్యాక ఆ కణాల ఫొటోను అత్త నరసమ్మ తమ ఊరు దొర్నిపాడులో ఇంటింటికీ తిప్పి చూపించింది.

ఇప్పుడు హిమజ కూతురు జయకు ఐదేళ్లు. మోకాలి కింది ఎముకలో నీటితిత్తి పెరిగి లోపలంతా గుల్ల చేసింది. క్యాన్సరు కాదు గానీ, తూలిపడితే కాలు విరుగుతుంది. తిత్తిని గీకేసి, తుంటి నుంచి కాస్త ఎముక తీసి ఆ ఖాళీ నింపుతామని నంద్యాల డాక్టరు చెప్పాడు. అప్పటినుంచి పిల్ల కాలు నేలకు తగలనివ్వడం లేదు. వంటింట్లో గరిటె పడినా హిమజ పిల్ల దగ్గరికి పరుగెత్తుతోంది.

ఆపరేషన్‌కు ముందురోజు భర్త హరీష్ ఫోను తెచ్చి చూపించాడు. ఏదో ఊళ్లో ఒకాయన ఆ ఖాళీలో నానో కార్బన్, అంటే గ్రాఫీన్ లాంటి బొగ్గే, పెడతాడట, తుంటి కోయక్కర్లేదట. కారు కూడా మాట్లాడేశాడు. నరసమ్మ సంచి సర్దేసింది.

హిమజ ఆ పేజీ రెండుసార్లు చదివింది. ఏం కలుపుతారో, ఎంత కలుపుతారో, ఎవరికి పెట్టి చూశారో ఎక్కడా లేదు. సరే అనాలని ఆమెకూ ఉంది. బిడ్డకు ఒక కోత తప్పుతుంది. కానీ తన ప్రాజెక్టులో గ్రాఫీన్ మోతాదు కాస్త ఎక్కువైన గాజుగిన్నెలు గుర్తొచ్చాయి. వాటిలో కణాలు ముడుచుకుని చచ్చాయి. వాటి ఫొటోలు ఎవరూ అడగలేదు.

వద్దంది.

“నువ్వు చేసిందే గదా?” అన్నాడు హరీష్. “నీ చేతిపని మింద నీకే నమ్మకం లేదా?”

“గిన్నెలో పెంచినా. మనిషిలో కాదు. ఎముక పెరిగినాంక ఆ బొగ్గు ఒంట్లో యాడికి పోతాదో నాకు తెల్దు. ఆ అమ్మేటోనికీ తెల్దు.”

నరసమ్మ సంచి కింద పడేసింది. “ఇన్నేండ్లూ ఊరంతా చెప్పుకుంటి గదే. నా పరువు పోతే పోనీ, రేపు పిల్ల కాలు తేడా వస్తే?”

“నన్నే అను అత్తా.”

మర్నాడు నంద్యాలలోనే ఆపరేషన్ అయింది. తుంటి నొప్పికి జయ కొన్నాళ్లు తల్లిని దగ్గరికే రానివ్వలేదు. హరీష్ అవసరమైతేనే మాట్లాడేవాడు.

మూడో నెల ఎక్స్‌రేలో గుల్ల అంచుల నుంచి ఎముక తెల్లగా, మబ్బులా కమ్ముకొస్తోంది. డాక్టరు పిల్లను నిలబెట్టమన్నాడు. ఎత్తుకున్న పిల్లను హిమజ చేతులు వదలడం లేదు.

హరీష్ ఎదురుగా గొంతుక్కూర్చుని చేతులు చాపాడు. “దించు. నేనుండా.”