టైర్డ్

ఎర్రుపాలెం ఉదయ్ భాస్కర్ రోజూ తన మిరపతోట గట్టున గొడుగు కింద కుర్చీ వేసుకొని కూర్చుంటాడు. కాసేపు ఫోన్ చూసి, చెంబెడు మజ్జిగ తాగి, బొజ్జ నిమురుకుంటూ "అబ్బా, టైర్డ్ అయిపోయా" అంటాడు. పెళ్లికెందుకు రాలేదని చుట్టాలడిగితే టైర్డ్. సరుకులెందుకు తేలేదని భార్య అడిగినా టైర్డే.

ఆ మధ్యాహ్నం మరో పదిమంది ఆడకూలీలతో కలిసి కాయలు కోస్తున్న జోజమ్మకు కళ్లు తిరిగాయి. "నేను గూడ టైర్డ్ అయిన సారూ, ఇంటికి పోత" అంది.

అతను పడీపడీ నవ్వాడు. "నీకెక్కడి టైర్డ్? అది తలతో పనిచేసేటోళ్లకొస్తది. నీది ఒట్టి బద్ధకం. కొయ్యి."

జోజమ్మ ఒడి విప్పి, కాయలన్నీ అతని కాళ్ల ముందు పోసింది. "అయితే తలతోనే కోసుకో సారూ" అని గట్టెక్కింది. మిగతా పదిమంది ఆడవాళ్లూ నవ్వుకుంటూ ఆమె వెంట నడిచారు. ఎర్రగా పండిన తోట ముందు ఉదయ్ భాస్కర్ ఒక్కడే మిగిలాడు.