వాకిలి మీద మడకొయ్య

ఖతర్‌లో చమురు డబ్బు కొత్తగా పొంగుతున్న రోజుల్లో నేను దోహాలో డ్రాఫ్ట్స్‌మన్‌ని. ఉత్తర తీరంలో జనం వదిలేసి వెళ్లిన ఒక జాలరి పల్లె ఉండేది. అక్కడి పాత మసీదును బాగుచేసే పని మా కంపెనీకి వచ్చింది. కొలతలు తీసి బొమ్మ గీయడానికి నేను, గోడల పనికి జగిత్యాల వైపు మేస్త్రి ఒకాయన వెళ్లాం.

మసీదు చిన్నది. ఎన్ని వందల ఏళ్లదో చెప్పేవాళ్లు లేరు. సముద్రపు రాయి, మట్టి, పైన తెల్లటి జిప్సం పూత. గోడలు ఎంత మందమంటే, లోపల అడుగు పెట్టగానే ఎండ సంగతే మరిచిపోయేవాణ్ణి. కప్పుకి ఆఫ్రికా నుంచి ఓడల్లో తెచ్చిన మడకొయ్యలు, అంటే మడ అడవుల దుంగలు, వాటి మీద ఖర్జూరపాకు చాపలు, ఆపైన మట్టి. కొయ్య ఎంత పొడుగుంటే గది అంతే వెడల్పు.

శుక్రవారాల్లో ఒక ముసలాయన్ని అల్లుడు పికప్‌లో దించి వెళ్లేవాడు. ఆయన పుట్టింది ఆ పల్లెలోనే. చూపు బాగా మందగించినా మసీదంతా ఊడ్చేవాడు. మొదటిసారి నేను హిందువునని చెప్పి గుమ్మంలో ఆగిపోతే, చెప్పులు విప్పి రమ్మని నా చెయ్యి పట్టుకుని లోపలికి తీసుకెళ్లాడు.

కప్పు విప్పి కొయ్యలను ఇసుకలో పరిచాం. ఆయన ఒక్కొక్కటీ తడుముతూ వచ్చి, గొడ్డలి గాటున్న ఒకదాని దగ్గర కూర్చుండిపోయాడు.

“ఇది మా నాన్న తెచ్చింది,” అన్నాడు వచ్చీరాని హిందీలో.

గాలివానకు కప్పు కుంగితే, ఓడ పనికి వెళ్లిన తండ్రి దాన్ని తెచ్చి, ఒడ్డు నుంచి భుజాన మోసుకొచ్చాడట. ఆ తర్వాతి ప్రయాణం నుంచి ఆయన తిరిగి రాలేదట.

కొస పుచ్చింది కాబట్టి మా కంపెనీ ఇంజనీరు దాన్ని పక్కన పెట్టమన్నాడు. అందులో తప్పులేదు. కానీ నాకు మనసొప్పలేదు. వాకిలి వెడల్పు తక్కువ కదా, పుచ్చిన కొస కోస్తే గుమ్మం పైన అడ్డుకొయ్యగా సరిపోతుందా అని మేస్త్రిని అడిగాను. ఆయన సుత్తితో తట్టి చూశాడు.

“నడుమ గట్టిగనే ఉన్నది సార్. ఏద్దాం.”

ఇంజనీరు సరేనన్నాడు.

పని పూర్తయ్యాక ముసలాయన వాకిట్లో నిలబడి చెయ్యెత్తాడు. అందలేదు. మేస్త్రి వెనక నుంచి ఆయన్ని పసిబిడ్డలా పైకెత్తాడు.

“పట్టుకో చాచా,” అన్నాడు.

ఆయన కొయ్య మీద అరచెయ్యి ఆనించాడు. ఆ చెయ్యి తీసేదాకా మేస్త్రి ఆయన్ని దించలేదు.