నడిచే ట్రాక్

మా ఇల్లు యాకుత్‌పురా స్టేషన్ అవతల, పాత గూడ్స్ లైన్ పక్కన ఉండేది. నూనె మిల్లు మూతబడ్డంక ఆ లైన్ మీదికి బండి రాలేదు. పట్టాలు పీక్కపోయిన్రు. కంకర మిగిలింది, దాంట్ల తుమ్మచెట్లు మొలిచినయ్. ఆ కంకర పొంటి నాలుగిండ్లోళ్లం రేకులేసుకొని ఉంటుంటిమి. జాగ సర్కారుది. ఎన్నడో ఒకనాడు పొమ్మంటరని అందరికి ఎరికే, ఎవరూ నోరు తెరిచి అనకపోయేది.

ఒకనాడు పొద్దున ఎవరో వచ్చి కంకర నడుమ గుంజ పాతి, బోర్డు కొట్టి పోయిన్రు. బిడ్డ పెండ్లి చేసినంక నేను రాత్రిబడికి పోయి అక్షరాలు నేర్చిన. ఆ నాలుగిండ్లల్ల తెలుగు చదివేది నేనొక్కదాన్నే. అందరు చుట్టూ నిలబడ్డరు. వేలు పెట్టి, కూడబలుక్కొని చదివిన.

"ఇచ్చట వాకింగ్ ట్రాక్ నిర్మించబడును."

మా ఆయన రైల్వేల పట్టాల పని చేసే గ్యాంగ్‌మన్. వినంగనే ఆయన అన్నడు.

"ట్రాక్ అంటే పట్టాలు."

"మరి వాకింగ్?" పక్కింటి వదిన అడిగింది.

"నడుసుడు. నడిచే ట్రాక్. బండ్లు మళ్ల నడుస్తయన్నట్టు."

గడప ముందట బండి నడిస్తే మమ్ముల ఎవరుండనిస్తరు? మా చెల్లె ఉండే బస్తీని సర్కారోళ్లు కూలగొట్టిననాడు గడ్డపారలతో పొడిస్తే ఒక్క రేకు పనికి రాలేదు. "వాళ్లు పొడవకముందే దించుకుందాం, రేకులన్న దక్కుతయ్" అన్నడు మా ఆయన. పగటాల్లకు నాలుగిండ్లకు కప్పు లేదు. మా అత్త ఒక్కతే పొయ్యి కాడినుంచి లేవలేదు.

తెల్లారి ఒక సారు టేపు, సున్నం డబ్బా పట్టిచ్చుకొని వచ్చిండు.

"ఏందమ్మా, సామాను గిట్ల బయటేసుకున్నరు?"

"రైలొస్తదని మీరే బోర్డు పెడితిరి కద సార్" అన్న.

"రైలేందమ్మా? మనుషులు నడవనీకె బాట. పొద్దుగాల, పొద్దుమీకి నడుస్తరు."

"ఏడికి పోతరు?" అన్నది వదిన.

"ఏడికి పోరు. ఆ కొసకు పోయి మళ్ల వస్తరు. కడుపు తగ్గనీకె."

"కడుపు తగ్గాల్నంటే మా ఇంట్ల వారం దినాలు తినుమను సార్."

మా ఆయన దించిన రేకుల మీదనే కూలబడ్డడు. సారు మా మొండిగోడలు చూసిండు.

"బాట మీ ఇండ్ల ముందటికెల్లే పోతుండె. ఇండ్లుంటే ఇండ్లని రాస్తుంటి. ఇప్పుడు కప్పే లేదు, ఏమని రాయాలె? పైనోళ్లు బెంచీలకు జాగ కావాల్ననే అంటున్నరు."

మా ఇంటిని మేమే, మా చేతులతోనే ఖాళీ జాగ చేసినం.

అప్పుడు గోడల నడుమ పొగ లేచింది. అత్త పొయ్యి ముట్టిచ్చింది.

"పొయ్యి మండేది ఇల్లు గాక ఏంది బిడ్డా? ఇంట్లకొచ్చి చాయ్ తాగు, తాగినంక రాసుకో."

సారు చెప్పులిడిచి లోపలికొచ్చిండు. ఎండల కూసొని చాయ్ తాగిండు. లేసేటప్పుడు, "ఇయ్యాల అటు కొసనుంచి కొలుస్తం, ఇక్కడికొచ్చేసరికి పొద్దుగూకుతది" అని గోడకు చెప్పినట్టు చెప్పి పోయిండు.

మగోళ్లు రేకులు మళ్ల ఎక్కియ్యనీకె సుత్తెలందుకున్నరు. వదిన మాత్రం కదలలేదు. వాళ్ల రేకులు నిన్ననే రిక్షాల ధూల్‌పేట్‌కు పోయి అమ్ముడుపోయినయ్. ఆమె పెనిమిటి రేకులు వాపస్ తేనీకె మళ్ల అక్కడికి ఉరికిండు, ఉత్తచేతులతో వచ్చిండు. మాకున్న పరదాలు, దుప్పట్లు వదినోళ్ల గోడల మీద కప్పినం.

పొద్దుగూకినంక సారు వచ్చి దుప్పటి కొస ఎత్తి చూసిండు. సున్నం గీత మూడిండ్ల గడపల ముందటినుంచి పోయింది, వదినోళ్ల గోడ కాడ మాత్రం బెంచీల జాగకని లోపలికి తిరిగింది.

వదిన వచ్చి నా పక్కన కూసున్నది.

"బోర్డు మీద రైలన్న మాట ఉండెనా?"

"లేదు వదినా" అన్న.