కుండకి వెనకవైపు

బ్లాక్‌టౌన్‌లో మాకు తెలిసిన డాక్టర్ అంకుల్ వైన్ గ్లాసును బొజ్జ మీద ఆనించుకుని కళల గురించి ఉపన్యసించేవారు. హాల్లో ఒక గ్రీకు కుండ నకలు ఉండేది. దాని మీద మద్యదేవుడు, చుట్టూ చిందులేసే ఆయన పరివారం, గుర్రపు తోకలున్న సాటిర్లనే తాగుబోతు గణాలు. ఎవరైనా నవ్వితే, "ఇది ఆర్ట్ బాబూ, చూసే కన్నుండాలి" అనేవారు.

సత్యనారాయణ వ్రతం రోజున మాత్రం, పంతులుగారు చూస్తారేమోనని ఆ బొమ్మలను గోడవైపు తిప్పేశారు. అన్నేళ్లలో ఆ కన్ను కుండ వెనక్కి ఒక్కసారీ వెళ్లలేదు కాబోలు. అక్కడ ఇంకో సాటిర్ ఉన్నాడు. బట్టతల, బొజ్జ మీద ఆనించిన మధుపాత్ర.

కథ చదువుతున్న పంతులుగారు ఆగి, కుండ వైపు చూసి, "ఈయనెవరండీ?" అన్నారు.



ఆంటీ అక్షింతలు అందిస్తూ, "మావారే పంతులుగారూ, తోక ఒక్కటే ఎక్కువ" అన్నారు.