నాలుగో బోల్టు

మా పెద్దక్కను పటమటలో ఇచ్చారు. బావగారిది వ్యవసాయ కుటుంబమే అయినా ఆయన మనసంతా యంత్రాల మీదే. పొలం తమ్ముళ్ళకు అప్పజెప్పి, పాత బస్సొకటి కొని బెజవాడ నుంచి మైలవరానికి నడిపేవారు. చదువైపోయి ఉద్యోగం దొరకని నేను వాళ్ళింట్లోనే ఉంటూ ఆ బస్సులో టిక్కెట్లు కొట్టేవాణ్ణి.

యుద్ధం అప్పుడే ముగిసింది. పెట్రోలుకు ఇంకా కరువే. బస్సు వెనక పొయ్యిలాంటి డ్రమ్ము తగిలించి, బొగ్గుల గ్యాసుతోనే బండిని లాగించేవాళ్ళం. ఆ మసికి ఇంజను లోపలంతా అరిగిపోయి, కొండపల్లి చేరేసరికి దగ్గడం మొదలుపెట్టేది. ఇక దించి విప్పక తప్పదన్నారు బావగారు.

ఇంటి పక్క తాటాకు షెడ్డులో మాకొక మెకానిక్కు ఉండేవాడు. నేతపని చేసే కుటుంబంలో పుట్టాడు. యుద్ధకాలంలో నూలు దొరక్క మగ్గం ఆగిపోతే ఇంజన్ల పని నేర్చుకున్నాడు. మా దగ్గరికి రాకముందు వేరే షెడ్డులో, చెక్క దుంగల మీద నిలబెట్టిన ఇంజను దిమ్మ జారి అతని కుడిపాదం మీద పడింది. వేళ్ళు నలిగిపోయాయి. ఆ పాదంతో మళ్ళీ మగ్గం తొక్కే వీలు కూడా లేకపోయింది. అక్కడివాళ్ళు పొమ్మంటే, బావగారు కబురు పెట్టి పిలిపించుకున్నారు.

"ఈసారి దిమ్మను నేల మీద పెట్టేది లేదు" అన్నారాయన. "స్టాండు చేయిద్దాం. నడుమెత్తున ఉంటే ఎటు కావాలంటే అటు తిప్పుకుని పనిచేసుకోవచ్చు."

పాత రైలు పట్టాల ముక్కలతో స్టాండు తయారైంది. దానికి నాలుగు ఇనప చేతులు. ఇంజను వెనక గేరుబాక్సు పట్టి ఉండే బెజ్జాల్లోకి ఆ చేతుల మీదుగా బోల్టులు బిగించాలి. గేరుబాక్సు తాలూకు పాత బోల్టులు చేతుల మందానికే సరిపోయి, లోపల సరిగా పట్టడం లేదు. బావగారు చీపురుపుల్ల ఒకటి బెజ్జంలోకి దూర్చి లోతు చూశారు. దానికి ఇనప చేతి మందం, వాషరు మందం కలుపుకుని, ఆ మేరకు ఇంకో పుల్ల విరిచారు.

"దీనికంటే పొడుగైతే కొస అడుగున తగిలి తల బిగుసుకోదు. పొట్టిదైతే పట్టు చాలదు" అని చెప్పి, ఆ పుల్లా, పాత బోల్టొకటీ జేబులో వేసుకుని నన్ను వెంటబెట్టుకుని వన్‌టౌను ఇనప కొట్లకు బయల్దేరారు.

మొదటి కొట్లో చూపించిన బోల్టును మా పాతదాని పక్కన ఆనించి వెలుతురుకు పట్టారు. రెండింటి మరచుట్లూ ఒకదాంట్లో ఒకటి కూర్చోలేదు.

"కాస్త బలంగా తిప్పండి, అదే దారి చేసుకుంటుంది" అన్నాడు కొట్టాయన.

"చేసుకుంటుందండీ. కానీ దిమ్మ లోపలి మర పోతుంది. పోత ఇనుము, మళ్ళీ ఎక్కడ తెచ్చేది?"

ఇంకో కొట్లో మర కుదిరింది. అయితే ఆకురాయి పెట్టి రాస్తే తల బెల్లంలా తెగింది. "మెత్తటి ఇనుము. మంచాలకు పనికొస్తుంది" అని నవ్వి తిరిగి ఇచ్చేశారు. చివరికి మిలటరీ వాళ్ళు వదిలించుకున్న లారీ సామాను పోగేసిన చోట, ఆకురాయి జారిపోయే గట్టి బోల్టులు మూడు దొరికాయి. ఎంత వెతికినా నాలుగోది లేదు.

ఇంటికొచ్చాక మెకానిక్కే అన్నాడు, "మూడు చాలండయ్యా. నాలుగో దానికి ఏదో ఒకటి పెడదాం. నేను జాగ్రత్తగానే ఉంటాగా."

"నువ్వుంటావు. ఇనుముకు ఆ సంగతి తెలీదుగా" అన్నారు బావగారు.

బండి ఆగిపోయి ఇల్లు గడవడం కష్టంగానే ఉంది. అక్క గొణుగుతుందేమో అనుకున్నాను. ఆమె మాత్రం, "ఏవండీ, మైలవరం బస్సాయన దగ్గర ఇదే కంపెనీ బండి ఉందిగా. ఆయన్ని అడక్కూడదూ?" అంది.

నేను తెల్లబోయాను. అదే దారిలో మాకు పోటీగా బస్సు నడిపే మనిషి ఆయన. ప్యాసింజర్ల కోసం గొడవపడి బావగారితో మాటలు మానేసి చాలాకాలమైంది. బావగారు మాత్రం చొక్కా తొడుక్కుని లేచారు.

ఆ బస్సాయన మమ్మల్ని తన షెడ్డు గుమ్మంలోనే నిలబెట్టాడు. "బోల్టా? మీ బండి నడవకపోతే లాభం నాకేగదండీ!"

"నిజమేనండీ. నేను బండి కోసం అడగడం లేదు. దిమ్మ దగ్గర పనిచేసే మనిషి కోసం అడుగుతున్నాను" అన్నారు బావగారు.

బస్సాయన ముఖంలో నవ్వు పోయింది. "ఆ కాలు నలిగినతనేనా?"

"అతనే."

లోపలికెళ్ళి, ఓ రేకుడబ్బా తెచ్చి గోనెపట్టా మీద గుమ్మరించాడు. ఇద్దరూ గొంతుక్కూర్చుని, తలలు దగ్గర పెట్టుకుని ఏరడం మొదలుపెట్టారు. మర చూసి, పుల్లతో కొలిచి, ఆకురాయి రాసి చివరికి ఒకటి తేల్చారు. "ఆ స్టాండేదో చూట్టానికొస్తా" అన్నాడాయన మమ్మల్ని సాగనంపుతూ.

మర్నాడు దిమ్మను గొలుసు కప్పీతో ఎత్తి, నాలుగు బోల్టులూ ఎదురెదురుగా కొంచెం కొంచెం బిగించారు. తర్వాత బావగారు అందరినీ దూరంగా వెళ్ళమని, గొలుసు తనే వదులు చేశారు. దిమ్మ కదల్లేదు. దాని మీద తన బరువంతా మోపి, అటూ ఇటూ తిప్పి చూసుకుని, అప్పుడు పిలిచారు మెకానిక్కును. అతను ఒక్క చేత్తో తోస్తే అంత బరువూ మెల్లిగా వెల్లకిలా తిరిగింది.

"దీని అడుగుభాగం నిలబడి చూడ్డం ఇదే మొదలండయ్యా" అన్నాడు. ఆ గొంతులో సంతోషం నాకిప్పటికీ గుర్తే. బావగారు మాత్రం అదేమీ గొప్పపని కాదన్నట్టు చేతులు తుడుచుకుంటూ నిలబడ్డారు.

మా బస్సు మళ్ళీ రోడ్డెక్కిన కొన్నాళ్ళకు, ఆ పోటీ ఆయన తన రెండో బండి ఇంజనును ఎడ్లబండిలో వేసుకుని మా షెడ్డుకు తెచ్చాడు. అది వేరే కంపెనీది, మా బోల్టులు దాని బెజ్జాలకు కుదరలేదు. బావగారు చీపురుపుల్ల విరుచుకుని, ఆయన్ను వెంటబెట్టుకుని ఇనప కొట్లకు నడిచారు.