దోనెలో నారుమట్టి

బావుదో ఏటి ఒడ్డున నారుమట్టి కలపడంలో ఎపిఫానియాను మించినవాళ్ళు లేరు. ఆ మాట ఊరు అనకముందే ఆమే అనేసేది. అడవిలో ఆకులు కోసే చీమలు పుట్ట బయటికి తోసిన నల్లమట్టి రెండు తట్టలు, చేతిలో నలిగిపోయేంత కుళ్ళిన మాను పొట్టు ఒక తట్ట, ఏటి ఇసుక అర తట్ట. జల్లెడ పట్టి, మరిగే నీళ్ళు పోసి, గోనె కప్పి ఒక పగలంతా చల్లారనివ్వాలి. పిడికిట్లో నొక్కితే ఉండ కట్టాలి, వేలితో తడితే విడిపోవాలి. "చేతులుంటే చాలు. అవే కొందరికి లేవు," అనేది.

అలాంటి ఎపిఫానియా మట్టిలో రెండుసార్లు మొలకలు చచ్చాయి.

అవి ఉల్లినారు మొలకలైతే ఏడ్చి ఊరుకునేది. కోడలు సునిల్దాకు ఎనిమిదో నెల. ఆ ఒడ్డున కడుపు నిలిచిందని తెలియగానే ఇంటి పెద్దది పెరట్లో మంచె మీద ఎత్తిన మట్టిదోనెలో విత్తనం పెడుతుంది. బిడ్డ పుట్టిన రోజున, బిడ్డ వెనకే పడిన మాయను పాతిపెట్టి, దాని మీద ఆ మొక్కను నాటుతారు. ఇది నా చెట్టు అని చూపించుకోలేని మనిషి ఏట్లో కొట్టుకొచ్చిన దుంగతో సమానం.

ఎపిఫానియా పెట్టినవి కైమితో పండు గింజలు. ఆమె భర్త లెయోవిహిల్దో పుట్టినప్పుడు నాటిన చెట్టువి. నిరుడు ఆయన పోయాడు. ఈ ఏడాది వరదకు ఒడ్డు విరిగి చెట్టూ పోయింది. చివరి పళ్ళ నుంచి ఆమె దాచుకున్న గింజలు పన్నెండు. అందులో ఎనిమిది కుళ్ళిపోయాయి.

మంత్రసాని నతివిదాద్ సునిల్దా కడుపు తడిమి చూసి, వెళ్తూ వెళ్తూ మంచె దగ్గర ఆగింది. నాలుగు గుంజల మీద ఎత్తిన దోనె, దాని నిండా మట్టి. మట్టిలోకి వేలు గుచ్చింది. గుంటలో నీళ్ళు ఊరాయి.

"వదినా, గింజలకి ఈత నేర్పిస్తున్నావా?"

"నా మట్టికి వంక పెట్టకు. అమావాస్య తేడా చేసింది. లేకపోతే నా కోడలి చెయ్యి."

"నేను ముట్టుకోలేదత్తా," అంది సునిల్దా మెట్ల మీద నుంచి. "నువ్వు ముట్టుకోనిచ్చావా?"

"మట్టి బంగారమే వదినా," అంది నతివిదాద్. "పోసిన వాన పోవడానికి అడుగున దారేది?"

"మొగుడి దోనెకి చిల్లు పొడవమంటావా?"

"నేనేమీ అనలేదే. నొప్పులొస్తే కబురు పెట్టు, వస్తా. మాయను ఏ మొక్క కింద పెట్టాలో అప్పుడు నువ్వే చెబుదువు."

మామూలుగా మంచె మీదికి ఎక్కేది చివికిన దోనె. దానికి చిల్లులు అవే పడి ఉంటాయి. పాతది విడిపోతే ఎపిఫానియా ఈసారి లెయోవిహిల్దో దోనెను ఎత్తించింది. చుక్క నీరు కారని దోనె అది. చచ్చినవాడి దోనెకు చిల్లు పొడిస్తే అవతలి ఒడ్డు చేరకుండా నడి ఏట్లో మునిగిపోతాడని ఆమె తల్లి చెప్పేది.

మొదటి నాలుగు మొలకలూ మెడ దగ్గర నల్లబడి ఒరిగిన రోజునే ఎపిఫానియాకు సంగతి తెలుసు. అడుగుదాకా చెయ్యి పెట్టి చూసింది. మురుగు వాసన కొట్టింది. చెయ్యి కడుక్కుని, వెళ్ళి కోడలిని తిట్టింది.

మర్నాడు మధ్యాహ్నం సునిల్దా గుంజ పట్టుకుని వంగిపోయింది. కాసేపటికి నొప్పి తగ్గింది. ఇంకా సమయం కాలేదు. కానీ ఆ కాసేపట్లో ఎపిఫానియా కళ్ళు మంచె వైపే ఉన్నాయి. అందులో బురద తప్ప ఏమీ లేదు.

ఆమె లోపలికి వెళ్ళి, కొయ్యకు చిల్లులు పొడిచే లెయోవిహిల్దో బరమా తెచ్చింది.

"అత్తా, అది మామ దోనె."

"ఎవరిదో నాకు తెలియదా? కాళ్ళు చాపుకుని కూర్చో."

మోకాళ్ళ మీద మంచె కిందికి దూరింది. కొయ్య రాయిలా ఉంది. బరమా తిప్పుతూ, మీదికి చూస్తూ అంది: "మునిగితే మునుగు. ఈతొచ్చినవాడివేగా. నీ మనవడికి రాదు."

కొయ్యపొడి కళ్ళల్లో పడింది. ఒక్కసారిగా నల్లటి నీళ్ళు మోచేతి మీదుగా చంకలోకి జారాయి. ఆమె కదల్లేదు. కంపు నీళ్ళు చాలాసేపు కారాయి. అవి ఆగాక ఇంకో రెండు చిల్లులు పొడిచింది.

మట్టంతా తోడి పారేసింది. అడుగున కొబ్బరిచిప్ప ముక్కలు పరిచి, కొత్త మట్టి కలిపి, చల్లారాక మిగిలిన నాలుగు గింజలూ పెట్టింది.

మూడు వారాలు గడిచాక మొలిచింది ఒక్కటే. రోజూ ముక్కు ఆనించి దాని మెడ చూసేది, నలుపు తిరిగిందేమోనని. నాలుగు రోజులు వాన ఎడతెరిపి లేకుండా కురిసినప్పుడు సునిల్దాను పలకరించడం కూడా మరిచిపోయింది. మెడ పచ్చగానే ఉంది.

అయిదో రోజు తెల్లవారాక ఆడపిల్ల పుట్టింది. నతివిదాద్ మాయను అరటాకులో పట్టుకుని, దానికోసం తవ్విన గుంట దగ్గరికి వచ్చింది. ఎపిఫానియా చెంచాతో మొలకను పెళ్ళగించింది. వేళ్ళు తెల్లగా, మట్టిని పట్టుకుని లేచాయి.

"రెండాకులేనా వదినా?" అంది నతివిదాద్.

"పిల్లకి మాత్రం పళ్ళొచ్చాయా?" అంది ఎపిఫానియా. వంగి, గుంటలో దించిన మాయ మీద మొలకను నాటి, చుట్టూ తన మట్టే వేసి, బొటనవేళ్ళతో నొక్కింది.